యానాం మునిసిపాలిటీకి కౌన్సిల్ కావాలి

యానాం బస్టాండు దగ్గర టీకొట్టులో వినపడ్డ మాట ఇది. ముమ్మిడివరం కుర్రాడొకడు తమ వార్డు కౌన్సిలర్ వెంటపడి వీధిలైటు ఎలా వేయించుకున్నారో చెబుతున్నాడు. యానాం స్నేహితుడు అంతా విని, "ఆ ఎలక్షన్లు మీ ఆంధ్రా వాళ్ళకిరా, మాకుండవు" అన్నాడు. లోటు చెప్పుకుంటున్న గొంతు కాదది. మా వైపు కొండల్లేవు అన్నంత మామూలుగా ఉంది.

అతని వయసుకి ఆ మాట నిజమే. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైన యానాంలో మునిసిపల్ ఎన్నికలు 2006లో జరిగాయి. ఆ పాలకవర్గం గడువు 2011లో ముగిసింది. తర్వాత మళ్ళీ జరగలేదు. 2006లో ఓటు వెయ్యాలంటే 1988 నాటికే పుట్టి ఉండాలి. కనక ఆ తర్వాత పుట్టినవాళ్ళు ఎమ్మెల్యేకి వేశారు, ఎంపీకి వేశారు, తమ వార్డుకి మాత్రం ఒక్కసారీ వెయ్యలేదు. పెద్దవాళ్ళ లెక్క ఇంకా బాధ. 2006కి ముందు ఎన్నికలు 1968లో. అప్పట్లో ఓటుకి 21 ఏళ్ళు నిండాలి. 1948లో పుట్టిన మనిషికి 1968లో ఓటు లేదు. ఆయన మొదటి మునిసిపల్ ఓటు 58వ ఏట పడింది. ఇప్పటిదాకా ఆయనకి అదొక్కటే.

ఊరికి మునిసిపాలిటీ ఉంది, బోర్డు ఉంది, కమిషనర్ ఉన్నారు, పన్ను రసీదు ఉంది. వార్డులు కూడా 10 ఉన్నాయి. వార్డుకి మనిషి లేడు. ఎంత చిన్నదైనా, ఎంత బలహీనమైనదైనా సరే, ఎన్నికైన కౌన్సిల్ లేకుండా ఈ ఊరు ఇంకా నడవకూడదన్నది నా వాదన. "అంతా బాగానే ఉందిగా, ఇప్పుడెందుకు?" అనేవాళ్ళు ఊళ్ళోనే చాలామంది ఉన్నారు. వాళ్ళ మాటలో కొంత సత్యం ఉంది కాబట్టే ఇంత పొడుగ్గా రాయాల్సి వస్తోంది.

1880 నుంచి ఉన్న సంగతి

యానాంకి మునిసిపాలిటీ ఆంధ్రా నుంచి అరువు తెచ్చుకున్నది కాదు. ఫ్రెంచి ప్రభుత్వం 1880 మార్చి 12 నాటి డిక్రీతో తన భారత స్థావరాల్లో మునిసిపాలిటీలు పెట్టినప్పుడే యానాంకీ ఒకటి వచ్చింది. కౌన్సిల్, మేయరు, జనన మరణాల పుస్తకాలు, అన్నీ అప్పటివే.

అది స్వర్ణయుగం అనుకోనక్కర్లేదు. 1884 నుంచి ఓటర్లని మూడు జాబితాలుగా విడగొట్టారు: యూరోపియన్లు, సొంత మత ధర్మశాస్త్రాన్ని వదులుకుని ఫ్రెంచి పౌరచట్టం కిందికి వచ్చినవాళ్ళు, మిగిలిన జనం. గుప్పెడు మంది ఉన్న జాబితాకీ వేలమంది ఉన్న జాబితాకీ సీట్లు కేటాయించిన తీరు చూస్తే ఆ ఓటుకి ఎంత విలువ ఉండేదో తెలుస్తుంది. ఈ విడి జాబితాల పద్ధతి రెండో ప్రపంచయుద్ధం అయ్యాకే పోయింది. ఫ్రెంచి ఇండియా ఎన్నికల్లో దొమ్మీలు, దొంగ ఓట్లు కూడా చరిత్రలో రాసి ఉన్నవే.

అయినా ఒక విషయం మరిచిపోకూడదు. ఈ స్థావరాలు ఏ దేశంలో ఉండాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడు రెండు ప్రభుత్వాలూ మునిసిపల్ కౌన్సిళ్ళ వైపే చూశాయి. 1948 జూన్ ఒప్పందం ప్రకారం, జనాభిప్రాయం ఎప్పుడు ఎలా తీసుకోవాలో తేల్చాల్సింది ఎన్నికైన మునిసిపల్ కౌన్సిళ్ళే. ఆ ఏడు అక్టోబరులో మునిసిపల్ ఎన్నికలు జరిగింది అందుకోసమే. 1954 మార్చిలో పుదుచ్చేరి, దాని చుట్టుపక్కల కమ్యూన్ల (ఫ్రెంచి మునిసిపాలిటీల) మేయర్లు విలీనం కావాలని తీర్మానాలు చేశారు. జూన్ 13న యానాం ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది. అక్టోబరు 18న పుదుచ్చేరి దగ్గరి కీళూరులో ఓటు వేసిన 178 మంది ప్రజాప్రతినిధుల సభ సభ్యులు, మునిసిపల్ కౌన్సిలర్లు. 170 మంది విలీనానికి, 8 మంది వ్యతిరేకంగా.

దేశాన్ని ఎంచుకునే పని ఒకప్పుడు కౌన్సిలర్లకి అప్పగించారు. ఇవాళ వీధి కాలవ పూడిక గురించి మాట్లాడటానికి కౌన్సిలర్ లేడు. నాకు ఇది చిన్న విషయంగా కనిపించడం లేదు.

విలీనం తర్వాత ఫ్రెంచి పద్ధతులే కొన్నాళ్ళు సాగాయి. 1973లో చేసిన మునిసిపాలిటీల చట్టం 1974 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ చట్టం కింద మొదటి ఎన్నిక జరగడానికి 2006 దాకా ఆగాల్సి వచ్చింది. మధ్యలో మునిసిపాలిటీలకి రాజ్యాంగ హోదా ఇచ్చిన 74వ సవరణ కూడా వచ్చింది. వార్డుల విభజన, రిజర్వేషన్లు, వాటి మీద కేసులు, చివరికి కోర్టులు గట్టిగా చెబితే ఆ ఒక్కసారి జరిగాయి. 2021లో మళ్ళీ షెడ్యూలు వచ్చింది. వార్డుల రిజర్వేషన్ల దగ్గర తేడా వచ్చి మళ్ళీ ఆగిపోయింది.

కాలవ దగ్గర ఏం జరుగుతుంది

ఎన్నికల మాట పక్కన పెట్టి, మురుగు కాలవ దగ్గరికి వద్దాం. కౌన్సిల్ అవసరం తెలిసేది అక్కడే.

గౌతమి నుంచి కోరంగి పాయ విడిపోయే చోట యానాం ఉంది. ఊళ్ళో పడ్డ వాన ఏటిలోకి పోవాలి. సముద్రం దగ్గర కాబట్టి ఏటికి రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. పోటు మీదున్నంత సేపూ ఏటి మట్టం కాలవ మట్టానికి సమానంగానో పైనో ఉంటుంది, మురుగు కదలదు. పోటు తీసి పాటు మొదలయ్యాక మాత్రమే లాగుతుంది. అంటే ఇక్కడ కాలవ పనిచేసేది రోజులో కొన్ని గంటలే. అమావాస్యకి, పున్నమికి పోటు ఇంకా ఎక్కువ. కాలవ అడుగున జానెడు పూడిక ఉంటే మెట్ట ఊళ్ళో పెద్ద తేడా రాదు. ఇక్కడ ఆ జానెడే పాటు సమయంలో దొరికే వాలుని మింగేస్తుంది.

కాలవ ఏటిలో కలిసే చోట తూముకి తలుపు ఉంటుంది. లోపలి నీరు బయటికి తోస్తే తెరుచుకోవాలి, ఏటి నీరు లోపలికి తోస్తే మూసుకోవాలి. తలుపు అంచు కింద ఒక్క ప్లాస్టిక్ సీసా ఇరుక్కుంటే వేలెడు సందు మిగులుతుంది. వరద రోజుల్లో ఆ సందులోంచి రాత్రంతా ఏరు ఊళ్ళోకి వస్తూనే ఉంటుంది. మరతో దించే షట్టరయితే ఇంకో జబ్బు: ఏడాదంతా ఉప్పుగాలి తగిలి మర రాడ్డు తుప్పు పడుతుంది, గ్రీజు పెట్టకపోతే అవసరమైన రాత్రి తిరగదు. నలుగురు కలిసి బలవంతంగా తిప్పితే రాడ్డు వంగుతుంది. అప్పుడిక ఇసుక బస్తాలే దిక్కు.

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 13.75కి రెండోది, 17.75కి మూడోది. యానాం దిగువన ఉంది కాబట్టి నీరు వచ్చేలోపు కొంత వ్యవధి దొరుకుతుంది. ఆ వ్యవధిలో చెయ్యాల్సిన పనులకి వరస ఉంది. ముందు తూముల నోటి దగ్గర గుర్రపుడెక్క, చెత్త తీసెయ్యాలి. తలుపులు పూర్తిగా దిగాయో లేదో చేత్తో తడిమి చూడాలి. ఆ తర్వాత మోటార్లు కాలవ చివర దించాలి, డీజిలు ముందే తెచ్చి పెట్టుకోవాలి. తలుపులు మూశాక ఊళ్ళో వాన పడితే ఆ నీటికి మోటారు తప్ప వేరే దారి లేదు. ఏరు నాలుగైదు రోజులు దిగకపోతే అన్ని రోజులూ తోడాలి. ఈ వరస తప్పి మోటార్లు ముందు పెట్టి తలుపులు తర్వాత చూసుకుంటే, తోడిన నీరే తిరిగి లోపలికి వస్తుంది. 2022 జులైలో గౌతమి నీరు పేటల్లోకి వచ్చినప్పుడు ఇళ్ళలో మోకాలి లోతు నీళ్ళలో నిలబడ్డవాళ్ళకి ఇదంతా ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇందులో ఏ తూము ఎప్పుడు మొరాయిస్తుందో, ఏ కల్వర్టు కింద పాత కేబులు పైపు అడ్డంగా ఉండి చెత్త పట్టుకుంటుందో కమిషనర్‌కి తెలియదు. తెలియకపోవడం ఆయన తప్పు కాదు. బదిలీ మీద వచ్చారు, మళ్ళీ బదిలీ మీద పోతారు. ఆ సంగతి తెలిసింది వీధి చివర ఇంటావిడకి. కురసాంపేటలోనో ఫారంపేటలోనో ముప్ఫై ఏళ్ళుగా ఉంటున్న మనిషికి. ఆవిడకి తెలిసింది మినిట్స్ పుస్తకంలోకి ఎక్కాలంటే మధ్యలో ఒక మనిషి కావాలి. కౌన్సిల్ అంటే అంతకంటే పెద్ద నిర్వచనం నాకు అక్కర్లేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం యానాంలో 55,626 మంది. 10 వార్డులకి పంచితే ఒక్కొక్క కౌన్సిలర్‌కి సుమారు 5,500 మంది. సాయంత్రం రెండు గంటలు నడిస్తే సగం వార్డు తిరిగి రావచ్చు. ఇప్పుడు ఆ మొత్తానికీ ప్రజలు ఎన్నుకున్న స్థానిక మనిషి ఎమ్మెల్యే ఒక్కరే. పింఛను, కాలవ, గుడి, ఉద్యోగం, కుక్కల బెడద అన్నీ ఒకే గుమ్మం ముందు వరస కడతాయి. పైగా ఆయన సభ ఉన్నది ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో. సభ జరిగే రోజుల్లో ఊళ్ళో వరదొస్తే ఆయన మాత్రం ఏం చెయ్యగలరు?

"కౌన్సిల్ లేకుండానే ఇంత జరిగిందిగా"

ఇది బలమైన మాటే. యానాం రోడ్లు, పార్కులు, ఏటి ఒడ్డు చూసి కోనసీమ నుంచి వచ్చినవాళ్ళు ముచ్చటపడతారు. కేంద్రపాలిత ప్రాంతం కావడం, చిన్న ఊరికి సొంత ఎమ్మెల్యే ఉండటం కలిసొచ్చాయి. పక్కనున్న ఆంధ్రా పట్టణాలకి కౌన్సిళ్ళుండి కూడా ఆ సొగసు లేదు. ఒప్పుకుంటాను.

కానీ ఆ పనుల లక్షణం చూడండి. ఒక టవరు, ఒక విగ్రహం, ఒక వంతెన పైనుంచి రాగలవు. ఒక్కసారి డబ్బు, ఒక్కసారి నిర్ణయం, ఒక ప్రారంభోత్సవం. షట్టరు రాడ్డుకి గ్రీజు పెట్టడానికి ప్రారంభోత్సవం ఉండదు. ఏటా పెట్టాలి, పెట్టకపోతే అడిగేవాడు ఆ వీధిలోనే ఉండాలి. పైనుంచి వచ్చే అభివృద్ధికి తెలియని పని ఇదే.

రెండో మాట: కౌన్సిల్ వస్తే పార్టీల తగాదా, కాంట్రాక్టుల్లో వాటాలు వస్తాయి అని. వస్తాయి. ఆంధ్రాలో చూస్తూనే ఉన్నాం. అయితే కౌన్సిల్ లేనిచోట కాంట్రాక్టులు లేకుండా పోలేదు కదా. ఎజెండాలో పడి, పదిమంది ముందు చదివి, ఒకరు వద్దని రాయించే అవకాశం మాత్రం పోయింది. ప్రత్యేక అధికారి పాలనలో కౌన్సిల్ అధికారాలూ, వాటిని అమలు చేసే పనీ అధికారుల చేతిలోనే ఉంటాయి. అడిగేవారూ జవాబిచ్చేవారూ ఒకరే అయినప్పుడు తగాదా ఉండదు నిజమే, ప్రశ్న కూడా ఉండదు.

మూడోది నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే మాట. పుదుచ్చేరి పద్ధతిలో తాగునీరు ప్రజాపనుల శాఖది, కరెంటు విద్యుత్ శాఖది. రాజ్యాంగం 12వ షెడ్యూలులో మునిసిపాలిటీలకి 18 అంశాలు రాసి ఉన్నా, మునిసిపాలిటీ చేతిలో మిగిలేది చెత్త, వీధి కాలవలు, వీధి దీపాలు, ఇంటిపన్ను, లైసెన్సులు, జనన మరణాలు, అలాంటివి. వేసవిలో గౌతమి ఉప్పు తేలి, సాగునీటి కాలవలు కట్టేసి, తాగునీటికి కటకటగా ఉంటే కొత్త కౌన్సిలర్ "అది మా శాఖ కాదండి" అనాల్సిందే. అలాంటి కౌన్సిల్ వల్ల జనానికి విరక్తి పుట్టదా? పుట్టొచ్చు. దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. ఒకటి మాత్రం చెప్పగలను: అధికారాలు ముందు బదిలీ చేసి ఆ తర్వాత ఎన్నికలు పెడతామంటే అవి రావు. కూర్చున్న మనిషి అడిగితేనే కుర్చీకి అధికారం వస్తుంది. ఖాళీ కుర్చీ కోసం ఏ శాఖా తన ఫైలు వదులుకోదు.

ఆంధ్రాని మరీ ఆదర్శంగా చూపించడం కూడా తగదు. కాకినాడ కార్పొరేషన్‌కి 2005 తర్వాత ఎన్నికలు 2017లో జరిగాయి. 2019 జులైలో గడువు ముగిసిన మునిసిపాలిటీలకి 2021 మార్చిలో గానీ ఓటు రాలేదు. తేడా ఏమిటంటే, అక్కడ ఆలస్యమైతే నిధులు ఆగుతాయి. ఎన్నికైన పాలకవర్గం లేని స్థానిక సంస్థలకి కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంట్లు రావు కాబట్టి రాష్ట్రాల మీద ఒత్తిడి ఉంటుంది. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం, ఆర్థిక సంఘం పంపకంలో లేదు. ఆ కర్ర దీన్ని తాకదు. ఎన్నికలు పెట్టకపోతే ఎవరికీ పైసా నష్టం లేని ఏర్పాటు ఇది. ఇన్నేళ్ళ జాప్యానికి కారణాల్లో దీనికి రావాల్సినంత చర్చ రాలేదని నా అభిప్రాయం.

కోర్టులు చెప్పినది

రాజ్యాంగం 243యు అధికరణ పాలకవర్గానికి అయిదేళ్ళు, అంతకు మించి వీల్లేదు అంటుంది. గడువు ముగిసేలోపే ఎన్నిక పూర్తి కావాలి. 243జడ్‌బి ద్వారా ఇది కేంద్రపాలిత ప్రాంతాలకీ వర్తిస్తుంది. అహ్మదాబాద్ కార్పొరేషన్ మీద కిషన్‌సింగ్ తోమర్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2006లోనే ఇది తప్పనిసరి అని తేల్చింది. వెనుకబడిన తరగతుల రిజర్వేషన్‌కి మూడంచెల పరీక్ష (కమిషన్ వేసి వివరాలు తియ్యడం, వాటిని బట్టి వాటా తేల్చడం, మొత్తం రిజర్వేషన్ 50 శాతం దాటకపోవడం) కావాలని 2021లో చెప్పిన అదే కోర్టు, 2022లో మధ్యప్రదేశ్ కేసులో ఆ కసరత్తు పూర్తి కాలేదని ఎన్నికలు ఆపకూడదని కూడా చెప్పింది. కసరత్తు కాకపోతే ఆ సీట్లు జనరల్‌గా పెట్టి జరపమంది.

ఇక్కడే నాకు మనసు ఒప్పని చోటు. వెనుకబడిన తరగతులవాళ్ళు, మత్స్యకారులు పెద్ద సంఖ్యలో ఉన్న యానాంలో బీసీ రిజర్వేషన్ లేకుండా ఎన్నికలు జరిపితే అది న్యాయమా? 2021లో వచ్చిన నిరసన ఉత్తినే రాలేదు. కనక అడగాల్సింది "రిజర్వేషన్ లేకుండా అయినా పెట్టండి" అని కాదు. కమిషన్ వేసి ఇంటింటి వివరాలు తియ్యడానికి ఈ 10 వార్డుల ఊళ్ళో ఎన్ని వారాలు పడుతుంది? కనకాలపేట నుంచి దరియాలతిప్ప దాకా మొత్తం ప్రాంతం సుమారు 30 చదరపు కిలోమీటర్లు, అంతా ఒకే మునిసిపాలిటీ. పల్లెలకి వేరే కమ్యూన్ పంచాయతీలు కూడా లేవు. ఇంత చిన్న పని ఏళ్ళ తరబడి సాగుతోందంటే అది లెక్కల కష్టం కాదు.

పుదుచ్చేరిలో పాత ఫ్రెంచి మేయరు భవనం 2014లో కూలిపోయింది. దాన్ని పాత రూపంలోనే మళ్ళీ కట్టి 2021లో ప్రారంభించారు. అంత శ్రద్ధ పెట్టడం మంచిదే. ఆ శ్రద్ధ లోపల కూర్చోవాల్సిన వాళ్ళ మీద కూడా పెట్టాలి.

ఈలోపు

ఎన్నికలు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. సమాచార హక్కు కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఊరికే "అభివృద్ధి వివరాలు ఇవ్వండి" అని రాస్తే ఊరికే జవాబొస్తుంది. పేరు పెట్టి అడగాలి: వార్డుల వారీ ఇంటిపన్ను డిమాండు, వసూలు, బకాయి పట్టిక. మీ వీధి కాలవ పూడికతీత అంచనా, వర్క్ ఆర్డరు, కొలతల పుస్తకం, అంటే ఎం-బుక్, ఆ పేజీల నకలు. చట్టంలో పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు కూడా ఉంది, చాలామంది దాన్ని వాడరు.

ఎం-బుక్ చేతికొచ్చాక లెక్క కష్టం కాదు. 300 మీటర్ల కాలవ, 0.9 మీటర్ల వెడల్పు, 0.45 మీటర్ల పూడిక అని రాసి ఉంటే మొత్తం 121.5 ఘనపు మీటర్లు. ట్రాక్టరు తొట్టెలో 3 ఘనపు మీటర్లు పడతాయనుకుంటే సుమారు 40 ట్రిప్పులు తిరగాలి. వీధిలోవాళ్ళు 15 ట్రిప్పులే చూసి ఉంటే మిగిలిన 25 ఎక్కడివో అడగొచ్చు. తీసిన పూడిక గట్టు మీదే పోసి వదిలేశారా, ఎత్తుకుపోయారా అన్నది కూడా చూడాలి. గట్టు మీద వదిలేస్తే మొదటి వానకే సగం మళ్ళీ కాలవలో ఉంటుంది, వచ్చే ఏడు దాన్నే మళ్ళీ తీసి మళ్ళీ బిల్లు పెట్టొచ్చు.

కౌన్సిలర్ ఉంటే ఈ ట్రిప్పులు లెక్కపెట్టడం అతని పని. లేడు కాబట్టి వీధిలో ఎవరో ఒకరు గోడ మీద సుద్దతో గీతలు గియ్యాలి. పూడికతీత మే నెలలో ఉంటుంది. కాలవ ఎండి, అడుగు కనపడుతున్నప్పుడే కర్ర దించి లోతు కొలిచి ఫొటో తీసి పెట్టుకోవాలి. జూన్‌లో నీరు నిలిచాక ఎంత తీశారో ఎవరూ కొలవలేరు.